కార్డు మీద లేని రంగు

ఆగస్టు పదకొండు, మంగళవారం. ఆ పొద్దున ఏడున్నరకు గువ్వ తిన్నది ఉడకబెట్టిన గుడ్డులో తెల్లసొన, సగం అరటిపండు. పాలు సగం గ్లాసు తాగి, మిగతా సగం పిల్లికని చెప్పి పక్కన పెట్టింది. ఆ ఇంట్లో పిల్లి లేదు. తండ్రికి ఇదంతా ఇంత కచ్చితంగా గుర్తుండిపోవడానికి కారణం ఉంది. ఆ మధ్యాహ్నం నుంచి చీకటి పడేలోగా నలుగురు మనుషులు నాలుగు కాగితాలు పట్టుకుని వచ్చి, అతన్ని ఒకటే ప్రశ్న అడిగారు: పాప ఏం తింది, ఎప్పుడు తింది? మొదటిసారి గుడ్డూ, అరటిపండూ అని మాత్రమే చెప్పాడు. నాలుగోసారికి పిల్లి సంగతి కూడా చెప్పేశాడు. రాసుకుంటున్న డాక్టరు తలెత్తి ఒకసారి చూసి, ఆ ముక్క కొట్టేశాడు.

గువ్వకు ఆరేళ్ళు. బరువు మాత్రం నాలుగేళ్ళ పిల్లది. ఆ పేరు అందుకే వచ్చింది. పుట్టుకతోనే గుండె లోపలి గోడకు కన్నం, ఊపిరితిత్తులకు రక్తం వెళ్ళే దారి దాదాపు మూత. పుట్టిన పన్నెండో రోజున డాక్టర్లు ఛాతీ తెరిచి, పెన్ను రీఫిల్ కంటే కాస్త లావుండే గొట్టం ఒకటి వేసి రక్తానికి పక్కదారి చేశారు. “ఇది కొన్నాళ్ళకే,” అని గుండె డాక్టరమ్మ ఆనాడే చెప్పింది. “పిల్ల పెరుగుతుంది. గొట్టం పెరగదు.” పెద్ద ఆపరేషన్ చేయాలంటే పిల్ల ఇంకాస్త బరువెక్కాలి, లోపలి రక్తనాళాలు ఇంకాస్త లావెక్కాలి. అంతవరకూ గొట్టం ఆగాలి. ఆ పందెంలో ఏది ముందుందో కళ్ళలో వత్తులు వేసుకుని చూడటమే ఆరేళ్ళుగా ఆ ఇంటి పని.

మొదటి నాలుగేళ్ళు ఆ పని ఇద్దరు చేశారు. తర్వాత ఒక చలికాలంలో తల్లికి జ్వరం తగిలి, వారం తిరక్కుండానే ఆవిడ పోయింది. “అందరం పిల్ల మంచం దగ్గర కాపలా కాస్తుంటే, అది వెనక గుమ్మంలోంచి వచ్చి పెద్దదాన్ని ఎత్తుకుపోయింది,” అంటుంది అతని అక్క. అది అంటే చావు. ఆవిడ ఆ మాట పేరు పెట్టి పలకదు. అప్పటినుంచి ఆ అక్కే వచ్చి వాళ్ళతో ఉంటోంది. నోరు పెద్దది, మనసు అంతకంటే పెద్దది, చూపు మాత్రం ఈ మధ్య మసకేసింది. బియ్యంలో రాళ్ళు వేలితో తడిమి ఏరుతుంది.

అతను పెయింట్ల కొట్లో పనిచేస్తాడు. కాలేజీలో రసాయనశాస్త్రం చదివి, మాస్టారు ఉద్యోగం వచ్చేదాకా నాలుగు నెలలు చేద్దామని చేరాడు. పదిహేడేళ్ళయింది. ఎవరైనా పాత కిటికీ చెక్క ముక్కో, చీర కొంగో తెచ్చి “ఈ రంగే కావాలి” అంటే, దాన్నలా కాసేపు చూసి, తెల్ల పెయింటులో ఏది ఎన్ని చుక్కలు వేయాలో చెప్పడం అతని పని. కొట్లో రంగు కలిపే మిషను ఉంది. మిషను చెప్పింది తప్పయిన రోజులున్నాయి గాని అతను చెప్పింది తప్పయిన రోజు లేదని కొట్టు యజమాని వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు. అతన్ని పేరు పెట్టి పిలవడం ఎప్పుడో మానేశాడు. “డేగకన్నూ, ఇలా రా!” అనేవాడు.

డేగకన్ను ప్రతి మనిషికీ విసుగు లేకుండా చెప్పే మాట ఒకటుంది. “అమ్మా, బల్బు కింద చూసి రంగు ఒప్పుకోకండి. పసుపు వెలుతురులో నీలం చచ్చిపోతుంది. పగటివేళ బయటికి తీసుకెళ్ళి చూడండి.” వానాకాలంలో పగలే కరువు కదా, అందుకని కొట్లో ఒక పెట్టె ఉంది. లోపలంతా బూడిద రంగు, పైన మిట్టమధ్యాహ్నపు ఎండలాంటి వెలుతురునిచ్చే దీపాలు. కొట్లో అందరూ దాన్ని పగటిపెట్టె అంటారు. అందులో పెట్టిన రంగు అబద్ధం చెప్పలేదు.

గొట్టం ఇరుకైతే రక్తంలో ప్రాణవాయువు తగ్గి పెదాలూ గోళ్ళూ నీలమెక్కుతాయి; గువ్వ పెదాల సంగతి వచ్చేసరికి అతను తన విద్యే వాడాడు. ఆ ప్రాణవాయువు ఎంతుందో చూపించే, వేలికి తగిలించే చిన్న మిషను ఒకటి కొన్నాడు గాని అది పెద్దవాళ్ళ వేళ్ళకు చేసింది. పిల్ల వేలికి వదులై, ఒక్కోసారి ఉన్నట్టుండి భయంకరమైన అంకె చూపించేది. రెండుసార్లు ఆ అంకెను నమ్మి చెప్పులు కూడా లేకుండా ఆసుపత్రికి పరిగెత్తాడు. రెండుసార్లూ ఏమీ లేదన్నారు. మూడోసారి దాన్ని సొరుగులో పడేసి, ఒక అట్టముక్క మీద ఏడు గళ్ళు గీసి, ఏడు రంగులు తానే కలిపి పూశాడు. ఒకటో గడి, గువ్వ పెదాలు అన్నిటికంటే బాగున్న రోజు రంగు. ఏడోది, రెండేళ్ళప్పుడు ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లిన రోజు రంగు. ఆ ఏడో గడి పూస్తున్నప్పుడు అతని చెయ్యి ఆగింది. అయినా కచ్చితంగా కలిపాడు.

గుండె డాక్టరమ్మ ఆ కార్డును కిటికీ దగ్గర పట్టుకుని చాలాసేపు చూసింది. “ఇలాంటిది నాకెవరూ చేసి తేలేదండీ,” అంది. తర్వాత పెన్ను తీసి దాని మొనతో గళ్ళు లెక్కపెట్టింది. “మూడు దాకా మామూలుగా ఉండండి. నాలుగైతే ఫోన్ చెయ్యండి. ఐదైతే ఫోన్ కూడా వద్దు, వచ్చెయ్యండి.” మిషను కూడా వాడుతుండమని చెప్పింది. అతను తలూపాడు. సొరుగు మాత్రం తెరవలేదు.

రోజుకు రెండుసార్లు, పొద్దున కొట్టుకెళ్ళే ముందూ, సాయంత్రం తిరిగొచ్చాకా, కార్డు పెదాల పక్కన, తర్వాత గోళ్ళ పక్కన. గువ్వ నోరు సున్నాలా చుట్టి నిలబడేది. రాత్రి పడుకున్నాక పిల్ల గది తలుపు మూసుకోకుండా ఖాళీ పెయింటు డబ్బా ఒకటి అడ్డం. ముందుగదిలో మంచం మీంచి అతనికి పిల్ల ఊపిరి వినబడాలి. ఆ డబ్బా ఆరేళ్ళుగా కదల్లేదు.

జూలై చివర్లో రక్తపరీక్షకు వెళ్ళొచ్చినప్పటినుంచి గువ్వ గదిలో లైటు వెయ్యనివ్వలేదు. దుప్పటి ముసుగేసుకునేది.

“ఏమైందే?” అంది అత్త.

“లైటు సూదిలా ఉంది.”

“లైటు సూదిలా ఉండటమేంటే, దానికి మొన ఉందా, బెజ్జం ఉందా?”

“అక్కడి లైటు కూడా ఇలాగే ఉంటుంది అత్తా. తెల్లగా. తర్వాత గుచ్చుతారు.”

తండ్రి మర్నాడే తెల్ల ట్యూబులైటు తీసేసి పసుపు బల్బు పెట్టాడు. గది వెచ్చగా, బెల్లప్పాకం పోసినట్టు అయింది. గువ్వ ముసుగు తీసి, చేతులు చాపి, నీడలతో కుందేలు చేసింది. ఆ చిన్న సంతోషం చూసి అతనికి కడుపు నిండినట్టయింది. ఈ లోకంలో ఇరవై నిమిషాల పనితో ఒక పిల్ల భయం పోగొట్టడం ఎంతమందికి దొరుకుతుంది అనుకున్నాడు.

ఆ మర్నాటినుంచి వాన పట్టుకుంది. తొమ్మిది రోజులు సూర్యుడు మొహం చూపించలేదు. కిటికీలు మూసే ఉన్నాయి. బడికి సెలవులిచ్చారు. పొద్దునా బల్బే, సాయంత్రమూ బల్బే. అతను ఆ బల్బు కిందే కార్డు పట్టి చూశాడు. రెండు. రెండు. రెండు. ఒకరోజు రెండున్నర అనిపించి, మళ్ళీ చూసి, రెండే అనుకున్నాడు.

పదిహేడేళ్ళుగా ఊరందరికీ చెప్పిన మాట, తన ఇంటి గుమ్మం దాటి లోపలికి రాలేదు.

చూడాల్సినవి వేరే ఉన్నాయి, చూస్తే. గువ్వ ఆయాసం వచ్చినప్పుడు మోకాళ్ళు గుండెకు ఆనించుకుని గొంతుక్కూర్చుంటుంది. ఇలాంటి పిల్లలందరూ ఎవరూ నేర్పకుండానే అలా కూర్చుంటారని డాక్టరమ్మ చెప్పింది. అయితే గువ్వకు నలుగురిలో సిగ్గు. అందుకని వీధిలో అలా కూర్చోవాల్సి వస్తే చీమల్ని చూస్తున్నట్టు నటించేది. “చీమలు ఎన్నే?” అని అడిగితే “ఆగు, లెక్క తప్పింది” అనేది, ఊపిరి అందాక “నలభై రెండు” అని లేచేది. ఆ వానరోజుల్లో ఇంట్లోనే, మంచానికీ వంటింటికీ మధ్య, రోజుకు మూడునాలుగుసార్లు కూర్చుంది. అత్త చూసి, “ఇంట్లో చీమలెక్కడివే తల్లీ, పంచదార ఒలికిందా?” అని నేలంతా తుడిచింది.

ఆ మంగళవారం అక్క కళ్ళాసుపత్రికి వెళ్ళాలి. అందుకని గువ్వను కొట్టుకు తీసుకెళ్ళాడు. గొడుగు కింద ఎత్తుకునే నడిచాడు. పిల్ల భుజం మీద తల వాల్చి ఒక్క మాటా మాట్లాడలేదు. రోజూ అయితే దారిలో ప్రతి గుంటకూ ఒక పేరు పెట్టేది.

“నిద్రొస్తోందా?”

“లేదు. ఊరికే.”

కొట్లో యజమాని ఎప్పట్లాగే గొణుగుతున్నాడు. వాననీ, లారీ వాళ్ళనీ, గోడకు చెమ్మనీ వరసగా తిట్టి, గువ్వను చూడగానే మొహం మార్చి, “రా తల్లీ, ఇవాళ కొట్టు నీదే. మీ నాన్నకి సెలవిచ్చేస్తావా, ఉంచుతావా?” అన్నాడు.

“ఉంచుతా,” అంది గువ్వ. “పాపం.”

“రంగులు మాత్రం ముట్టుకోకు,” అన్నాడు తండ్రి, ప్రతిసారీ చెప్పే మాటే.

పదకొండు దాటాక బట్టలు కుట్టే ఒకామె వచ్చింది. పాత కర్టెన్ ముక్క తెచ్చి, గోడకు అదే నీలం కావాలంది. అతను ముక్కను పగటిపెట్టెలో పెట్టి, దీపం వేసి, వంగి చూస్తున్నాడు. నీలం, ఓ రవ్వ బూడిద, ఎక్కడో అడుగున వంకాయ ఛాయ.

“ఏమయ్యా, పెళ్ళిచూపులా? అంతసేపు చూస్తున్నావు?” అంది ఆవిడ.

“పెళ్ళిచూపులైతే తలుపు సందులోంచి చూస్తే సరిపోతుందమ్మా. ఇది గోడ. పదేళ్ళు చూడాలి.”

ఆవిడ పకపకా నవ్వింది. గువ్వ కూడా నవ్వి, స్టూలెక్కి, “నాన్నా, నా చేతులకి ఎండ” అంటూ రెండు చేతులూ పెట్టెలోకి పెట్టింది.

పది గోళ్ళూ నీలం.

అతని బుర్రకు మొదట తట్టింది ఒకటే. రంగు పని చేసేవాడికి ఎవడికైనా అదే తడుతుంది. పిల్ల రంగు డబ్బాలో వేళ్ళు ముంచింది.

“ముట్టుకోవద్దని చెప్పానా?” అన్నాడు. బల్ల మీది తడిగుడ్డ తీసుకుని కుడిచేతి చూపుడువేలి గోరు తుడిచాడు. పోలేదు. సబ్బునీళ్ళలో ముంచి గట్టిగా తుడిచాడు. పోలేదు. కొన్ని రంగులు మొండివి, ఆరితే పట్టుకుంటాయి. ఇంకా గట్టిగా రుద్దాడు.

“నేను ముట్టుకోలేదు నాన్నా.”

“మరి ఇదేంటి? అబద్ధం చెప్పకు.”

“ఒట్టు నాన్నా. నొప్పి. ముట్టుకోలేదు. నొప్పి నాన్నా!”

పిల్ల ఏడుపు అందుకుంది. బట్టలు కుట్టే ఆవిడ వంగి చూసింది. ఆవిడ మొహంలో నవ్వు ఆగిపోయింది. “బాబూ,” అంది మెల్లగా, “రుద్దకు. అది రంగు కాదు.”

గుడ్డ అతని చేతిలోంచి జారిపోయింది. ఆ బూడిదరంగు పెట్టెలో, అబద్ధం చెప్పడం చేతకాని ఆ వెలుతురులో, తన కూతురి గోళ్ళు ఐదో గడి. కాదు, ఐదు దాటింది. తల పైకెత్తి పెదాలు చూశాడు. ఏడుపుకు పెదాలు అతని కళ్ళముందే ఆరుకు పోతున్నాయి. తొమ్మిది రోజుల బల్బు ఒక్కసారిగా అతని నెత్తిమీద వెలిగింది.

గువ్వ స్టూలు మీంచి దిగి, నేల మీద గొంతుక్కూర్చుంది. ఈసారి చీమల్ని చూడలేదు. అతన్నే చూసింది. ఏడుపు మధ్యలో ఆగి, ఊపిరి గబగబా, పైపైనే ఆడుతోంది. కళ్ళు మూతలు పడ్డాయి.

భయమంటే ఏమిటో తనకు తెలుసనుకున్నాడు అతను. ఆరేళ్ళుగా దానితోనే కాపురం చేస్తున్నాడు కదా. కాని అది వేరు, ఇది వేరు. అది ఇంట్లో మూల కూర్చునే ముసలి చుట్టం. ఇది మీద పడి గొంతు పట్టుకుంది. అయినా చేతులు మాత్రం డాక్టరమ్మ నేర్పినట్టే చేశాయి. పిల్లను ఒళ్ళోకి తీసుకుని, మోకాళ్ళు రెండూ మడిచి గుండెకు గట్టిగా అదిమిపెట్టాడు. “ఏడవకు బంగారూ. నువ్వు ముట్టుకోలేదు. నాన్నదే తప్పు. నువ్వు ముట్టుకోలేదు. నాకు తెలుసు. ఏడవకు.”

యజమాని అప్పటికే సరుకు వ్యాను తాళాలు తీసుకున్నాడు. కొట్టు ఎవరు చూస్తారన్న మాటే అనలేదు. “నేను కూచుంటా, వెళ్ళండి!” అంది బట్టలు కుట్టే ఆవిడ, గల్లాపెట్టె ముందు స్టూలు లాక్కుని. అంతకుముందు ఆ కొట్టుకు ఆవిడ వచ్చింది రెండేసార్లు.

వానలో వ్యాను పరిగెత్తింది. వెనక పెయింటు డబ్బాలు ఒకదానికొకటి కొట్టుకుని దొర్లుతున్నాయి. వైపర్లలో ఒకటే పనిచేస్తోంది. లోకంలో ప్రతిదాన్నీ తిట్టే ఆ మనిషి ఎర్రలైటు దగ్గర ఆగినప్పుడు కూడా నోరు మెదపలేదు. ఆ మౌనం అతన్ని ఇంకా భయపెట్టింది. ‘ఏదో ఒకటి తిట్టండి సార్, ఈ వాననైనా తిట్టండి’ అనిపించింది. పిల్ల మోకాళ్ళు అదిమిపట్టుకుని ఊపిరులు లెక్కపెట్టాడు. నలభై రెండు దగ్గర లెక్క తప్పింది. మళ్ళీ మొదలుపెట్టాడు.

ఆసుపత్రిలో అతని చేతుల్లోంచి పిల్లను ఎవరు తీసుకున్నారో గుర్తులేదు. ముక్కూ నోరూ కప్పేలా గాలి ముసుగు పెట్టారు, సూది గుచ్చారు, వేలికి సరిపోయే మిషను పెట్టారు. దాని మీద వెలిగిన అంకె చూసి నర్సులు ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా పనిచేశారు. అలా చూసుకోకపోవడాన్ని అతను చూశాడు. అరగంటకు అంకె కొంచెం ఎక్కింది. పెదాలు ఐదుకు దిగాయి.

పిల్లకు మెలకువ వచ్చింది. మొహం మీదే తెల్ల దీపం. “లైటు,” అని ఏడవబోయింది.

“ఆ లైటు కాస్త తియ్యగలరా అమ్మా?” అన్నాడు అతను, అడగకూడదని తెలిసీ. “పాపకు భయం.”

పెద్ద నర్సు, వెడల్పాటి మనిషి, తల అడ్డంగా ఊపింది. “తియ్యలేనండి. పాప రంగు మాకు కనపడాలి కదా.” ఆ మాట అతనికి ఎక్కడ తగిలిందో ఆవిడకు తెలియదు. మరుక్షణం జేబులోంచి ఉతికి మడతపెట్టిన రుమాలు తీసి, పిల్ల కళ్ళ మీద మెత్తగా వేసింది. “ఇదిగో చిట్టితల్లీ. లైటు మాకు. చీకటి నీకు. సరేనా?”

“సరే,” అంది గువ్వ.

గుండె డాక్టరమ్మ వచ్చి, ఫొటోలు తీయించి, అతన్ని నడవలోకి పిలిచింది. గొట్టం దాదాపు మూసుకుపోయిందట. ఇంక ఆగడానికి లేదు. బరువు చాలకపోయినా రేపు పొద్దున పెద్ద ఆపరేషన్. గోడకు అతుకు వెయ్యాలి, దారి వెడల్పు చెయ్యాలి.

“బరువు చాలకపోతే?”

“ప్రమాదం ఎక్కువ. చెయ్యకపోతే ఇంకా ఎక్కువ.” ఆవిడ ఒక్క క్షణం ఆగి, “ఎన్ని రోజులనుంచి ఇలా ఉంది? మీరు రోజూ చూస్తారుగా?” అంది.

ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. బల్బు సంగతి, వాన సంగతి, సొరుగులో పడేసిన మిషను సంగతి. కార్డు జేబులోంచి తీసి, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు చేతిలోనే పట్టుకున్నాడు.

ఆవిడ తిట్టలేదు. ఓదార్చనూ లేదు. “మిషను వాడమన్నాను,” అంది. తర్వాత, “మోకాళ్ళు మడిచి పట్టుకున్నారా దారిపొడుగునా?”

“పట్టుకున్నాను.”

“అందుకే వచ్చింది ఇక్కడిదాకా. సంతకం పెట్టండి.”

అక్క కళ్ళలో మందు వేయించుకుని, అన్నీ మసకమసకగా కనబడుతుంటే ఎలా పట్టుకుందో దారి, సాయంత్రానికి ఆసుపత్రికి వచ్చేసింది. అతను ఆవిడకూ చెప్పాడు. నడవలో బల్ల మీద పక్కపక్కన కూర్చున్నారు.

“దీపం కిందే చీకటని ఊరికే అన్నారట్రా?” అంది అక్క. సంచీ ఒళ్ళోకి లాక్కుని, “నేను పంచదార ఒలికిందని నేల తుడిచాను,” అంది. ఆ సంచీలోంచి రొట్టె తీసింది. “తిను.”

“వద్దక్కా.”

“ఒరేయ్, నిన్ను తిట్టాలంటే నా దగ్గర చాలా ఉంది. ఇవాళ తిట్టను. తినకపోతే మాత్రం తిడతాను. తిను.”

అతను తిన్నాడు. రొట్టె గొంతులో అడ్డుపడితే ఆవిడే వీపు రాసింది.

బుధవారం పొద్దున ఏడింటికి గువ్వను తీసుకెళ్ళారు. చక్రాల మంచం మీద, కళ్ళ మీద రుమాలుతో. తలుపు దగ్గర పిల్ల రుమాలు ఒక అంచు ఎత్తి చూసి, “నాన్నా, నువ్వు కూడా రా,” అంది.

“నన్ను రానివ్వరమ్మా.”

“ఎందుకు?”

“నేను కాళ్ళు కడుక్కోలేదు.”

“కడుక్కోవాలి కదా నాన్నా,” అంది గువ్వ, పెద్దదానిలా. తలుపు రెక్కలు కలిశాయి.

ఏడు గంటలు పట్టింది. అందులో అతను ఏం చేశాడని అడిగితే చెప్పడానికి ఏమీ లేదు. కాలు కాలిన పిల్లిలా నడవలో తిరిగాడు. కొట్టు యజమాని మధ్యాహ్నం వచ్చి, లిఫ్టునీ, వాననీ, లిఫ్టు కోసం ఆగినవాళ్ళనీ తిట్టాడు. వినడానికి ప్రాణానికి హాయిగా ఉంది. ఒక గంట గుండెను ఆపి, మిషనుతో రక్తం తిప్పుతారని ముందే చెప్పారు. ఆ గంట ఏ గంటో తెలియదు. అందుకని ప్రతి గంటా అదే గంట అనుకున్నాడు. ఇప్పుడు కొట్టుకోవడం లేదు. ఇప్పుడు కూడా లేదు. తన గుండె మాత్రం సిగ్గులేకుండా కొట్టుకుంటోంది.

రెండు గంటలకు గుండె డాక్టరమ్మ టోపీతోనే బయటికి వచ్చింది. అతను ముందు చూసింది ఆవిడ మొహం కాదు, ఆ మొహం రంగు. తెల్లగా పాలిపోయి ఉంది. అతను గోడ పట్టుకున్నాడు.

“కూర్చోండి, కూర్చోండి. నేను పొద్దుటినుంచి ఏం తినలేదు, అంతే,” అంది ఆవిడ. “పని అయింది. గుండె తనంతట తను మొదలుపెట్టింది. రెండు రోజులు గడవాలి.”

రెండు రోజులు గడవడం అంటే ఏమిటో ఆ బల్లకు తెలుసు, అక్కకు తెలుసు. మొదటి రోజు సాయంత్రం రక్తపోటు పడిపోయి అందరూ లోపలికి పరిగెత్తారు. రెండోరోజు జ్వరం. శనివారం పొద్దున, నోట్లోంచి గొట్టం తీశాక, అతన్నొక్కణ్ణే లోపలికి రమ్మన్నారు. చేతులు కడిగించి, ముసుగు కట్టించి.

పిల్ల నిద్రలో ఉంది. తెల్ల దీపం నేరుగా మొహం మీద పడుతోంది. అతను వంగాడు. వంగి, బిగుసుకుపోయాడు. పెదాలు అతనెప్పుడూ చూడని రంగులో ఉన్నాయి. జేబులో కార్డు తీయాల్సిన పని లేదు, గళ్ళు ఏడూ కంఠతా వచ్చు. ఈ రంగు ఆ ఏడింటిలో లేదు. ఒకటికి అవతల ఎక్కడో ఉంది. గోళ్ళు చూశాడు. అదే రంగు.

“సిస్టర్,” అన్నాడు. “ఇదేంటి, ఇలా ఎర్రగా? మళ్ళీ జ్వరమా? ఏదైనా మందు పడలేదా? డాక్టరమ్మను పిలవండి.”

పెద్ద నర్సు గబగబా వచ్చి మిషను చూసింది, నుదురు తాకింది, పెదాలు చూసింది. తర్వాత అతని కేసి చూసింది. ఆవిడకు నవ్వూ వచ్చింది, ఇంకేదో కూడా వచ్చింది.

“ఏం లేదండీ,” అంది. “పిల్లల పెదాలు అలాగే ఉంటాయి. అందరు పిల్లలకీ.”

అతను మళ్ళీ చూశాడు. పదిహేడేళ్ళలో వేల రంగులు కలిపినవాడు, ఏది ఎన్ని చుక్కలో పోల్చుకోలేక, మంచం కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు.

ఇంటికి వచ్చేసరికి సెప్టెంబరు రెండో తారీకు. అంతకుముందు రోజే అతను పసుపు బల్బు తీసేసి తెల్ల ట్యూబులైటు మళ్ళీ బిగించాడు. ముందుగదిలోనూ తెల్లదే. వేలి మిషను, పిల్లల కొలతది కొత్తది, మంచం పక్కనే పెట్టాడు. డాక్టరమ్మ చెప్పాల్సినవన్నీ చెప్పింది: ఇది ముగింపు కాదు, మళ్ళీ పెద్దయ్యాక ఒకటి రెండుసార్లు లోపల చూడాల్సి రావచ్చు, ప్రతి మూడు నెలలకూ రావాలి. కార్డు మాత్రం అడిగి తీసుకుని తన బల్ల సొరుగులో పెట్టుకుంది. “ఇంక ఇది మీ దగ్గర ఉండకపోవడమే మంచిది,” అంది.

ఆ సాయంత్రం గువ్వ గుడ్డు పచ్చసొనతో సహా తింది. పాలు మొత్తం తాగింది. “పిల్లికో?” అంది అత్త. “పిల్లిని వేరే వెతుక్కోమన్నాను,” అంది గువ్వ. మంచం నుంచి వంటింటిదాకా నడిచి, మధ్యలో ఆగింది. చూస్తున్న ఇద్దరూ లేచారు. పిల్ల నేల మీద నిజంగానే పోతున్న చీమ ఒకదాన్ని చూసి, దాటుకుని వెళ్ళింది.

ఎనిమిదిన్నరకు పడుకుంది. రుమాలు నర్సు ఇచ్చేసింది. కళ్ళ మీద అదే. అతను మిషను వేలికి పెట్టి అంకె చూశాడు. బాగుంది. పది నిమిషాలాగి మళ్ళీ చూశాడు. బాగుంది. లైటు తీసేసి ముందుగదిలోకి వచ్చి, గుమ్మానికి ఎదురుగా మంచం మీద కూర్చున్నాడు. పెయింటు డబ్బా తలుపుకు అడ్డంగా, ఎప్పటి చోటే ఉంది.

“నాన్నా.”

ఒక్క గెంతులో గుమ్మంలో ఉన్నాడు. “ఏంటమ్మా? ఆయాసంగా ఉందా? నొప్పా?”

“నీ గదిలో లైటు ఇక్కడ పడుతోంది.”

“తీసేస్తా.”

“కాదు. తలుపెయ్యి.”

అతను డబ్బా కేసి చూశాడు. “కొంచెం తెరిచి ఉంచుతానే,” అన్నాడు.

“మొత్తం వెయ్యి.”

“ఎందుకూ?”

గువ్వ రుమాలు ఒక అంచు ఎత్తింది. “నువ్వు చూస్తూ ఉంటే నాకు నిద్ర రాదు నాన్నా. భయమేస్తుంది.”

వెనక అక్క మంచం మీద కదిలిన చప్పుడైంది. అతను గుమ్మంలోనే నిలబడ్డాడు. ఊపిరి వినబడుతోంది, నెమ్మదిగా, సమంగా. తలుపు పడితే అది వినబడదు. గొట్టం మూసుకుపోతున్న తొమ్మిది రోజులూ తలుపు తెరిచే ఉంది, వింటూనే ఉన్నాడు. అది గుర్తొచ్చినా భయం రవ్వంత తగ్గలేదు.

“పిలిస్తే వస్తావుగా?” అంది గువ్వ, నిద్ర గొంతుతో.

“వస్తాను.”

“చాలు.”

అతను వంగి డబ్బాను రెండు చేతులతో, నేలకు రాసుకోకుండా ఎత్తాడు. అది ఉన్నచోట నేల మీద గుండ్రంగా తెల్లటి మచ్చ ఉంది. డబ్బాను చంకలో పెట్టుకుని, గొళ్ళెం చప్పుడు కాకుండా వేలితో ఎత్తిపట్టి, తలుపును అంగుళం అంగుళం దగ్గరికి లాగి, మూశాడు.